చేపల తొట్టికి తగిన చిన్న కెమెరా

పట్టణములలో ఇండ్లు పైకి పెరిగిన కొలదియు పెరడు తరుగుచు వచ్చినది. పెరటిలోని మొక్కలు బాల్కనీలోని కుండీలలోనికి ఎక్కినవి. ఆవుదూడలను, కోళ్లను చూచి ఆనందించెడి పిల్లలకు ఇప్పుడు హాలులోని చేపల తొట్టియే జంతుప్రపంచమైనది. హైదరాబాదునకు పడమటనున్న శేరిలింగంపల్లి ప్రాంతము ఇందుకు మంచి నిదర్శనము. 1998 నవంబరులో మాదాపూరులో సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన నాడు దాని చుట్టుప్రక్కల ఎక్కువగా కనబడినవి రాళ్లగుట్టలును, బీడుభూములును. నేడు గచ్చిబౌలి, కొండాపూరు, చందానగరు, లింగంపల్లి, ఎటు చూచినను అంతస్తులపై అంతస్తులు లేచినవి. ఆ అంతస్తులలోని ఎన్నో ఇండ్లలో ఒక మూల గాజు తొట్టి, అందులో నాలుగు నియాన్ చేపలు, ఒక జత గప్పీలు, లేదా ఒంటరిగా తిరిగెడి ఒక ఫైటర్ చేప కనబడును.

ఇంటిల్లిపాదియు ముచ్చటపడెడి ఆ చేపలకు ఒక మంచి ఫొటో తీయవలెనను కోరిక సహజము. తీరా తీసి చూచినచో, చేపకు బదులు చెరిగిన నీలిగీత ఒకటి కనబడును. ప్రక్కను ఫ్లాషు వెలుగు తెల్లని మచ్చయై నిలుచును. తీసినవారి ముఖమును, వెనుకనున్న సోఫాయును గాజులో ప్రతిబింబించును. 2020లో దుర్గం చెరువుపై ప్రారంభమైన తీగల వంతెనను రాత్రి దీపాల వెలుగులో అందముగా చూపిన కెమెరాయే అంగుళమంత చేప ముందు చేతులెత్తివేయును. అప్పుడు గృహస్థుడు తన కెమెరా చౌకది గనుక ఇట్లయినదని తలచి, ఇంకను ఖరీదైనదానికి డబ్బు కూడబెట్టును. ఈ ప్రసంగములో మేము మనవి చేయదలచినది ఒక్కటే: చేపల తొట్టికి కావలసినది ఖరీదైన కెమెరా కాదు, తగిన కెమెరా. అది తగినదో కాదో కొనకముందే ఒక స్కేలుతో కొలిచి తెలిసికొనవచ్చును.

ఇది వట్టి ముచ్చటతో ముగిసెడి విషయము కాదు. చేప తన బాధను నోటితో చెప్పలేదు, ఒంటితో చెప్పును. చేపలను పెంచువారందరును భయపడెడి తెల్లమచ్చల వ్యాధి ఒక సూక్ష్మజీవి వలన వచ్చును. మచ్చ ఒక్కొక్కటి మిల్లీమీటరును మించదు. మొదట రెక్కలమీద ఉప్పురవ్వ అంటినట్లు ఒకటి రెండు మాత్రమే ఉండును. ఆ జీవి చేప ఒంటినుండి విడివడి, అడుగున చేరి వేలకొలది పిల్లలై, మరల చేపలను పట్టుకొనును గనుక, ఒక చేపతో మొదలైనది కొలది దినములలో తొట్టికంతటికిని ప్రాకును. మందు ఆ జీవి నీటిలో ఈదులాడెడి దశలోనే పనిచేయును. కాబట్టి ఎంత ముందుగా గుర్తించిన అంత మేలు. కదలెడి చేపమీద అంత చిన్న మచ్చను కంటితో పట్టుట కష్టము. ఫొటోలో దానిని పెద్దదిగా చేసి చూడవచ్చును. తెలిసినవారికి పంపి సలహా అడుగవచ్చును. వారమువారము తీసిన ఫొటోలను వరుసగా చూచినచో రెక్క అంచు చివుకుచున్నదా, పొట్ట ఉబ్బుచున్నదా అనునదియు తెలియును. స్పష్టముగా తీయగల కెమెరా ఆ మూగప్రాణులకు కూడ ఉపకారమే చేయును.

ఫొటో తీయించుకొనువారు బిగుసుకొని కదలకుండుట ఒకప్పటి నియమము. 19వ శతాబ్ది చివర ఆరవ నిజామునకు ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ ఎదుట ప్రభువులైనను ఆ నియమమును పాటింపవలసినదే. 1975లో కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ నిర్మించిన మొదటి డిజిటల్ కెమెరా ఒక్క చిత్రమును క్యాసెట్ టేపుపై నమోదు చేయుటకు 23 సెకనులు తీసికొనెను. అంత సేపు చేప ఎవరికొరకును నిలువదు. నేటి చిన్న కెమెరా ఆ పనిని రెప్పపాటుకంటె తక్కువ కాలములో ముగించును. వేగపు సమస్య చాలవరకు తీరినది. మిగిలినది దూరపు సమస్య.

చిన్న కెమెరాల పెట్టెపై "ఒక సెంటీమీటరు దూరమునుండియే ఫొటో తీయవచ్చును" అను మాట తరచుగా కనబడును. దగ్గరి చిత్రములు కావలెననువారు ఆ అంకెను చూచియే మోసపోవుదురు. సాధారణముగా ఆ అంకె జూమ్ ఏమాత్రము వాడక, దృశ్యమును మిక్కిలి విశాలముగా చూపునపుడు మాత్రమే చెల్లును. పువ్వుకు, నాణెమునకు అది చాలును. చేపకును కెమెరాకును నడుమ మాత్రము గాజు పలక, ఆ పైని నీరు ఉన్నవి. గాజు మందమే అర సెంటీమీటరు మొదలు ఒక సెంటీమీటరు వరకు ఉండును. ఇక ఆ కెమెరాకు అందవలెనన్న చేప వచ్చి గాజునకు ఒరసికొని నిలువవలెను. చేప అట్లు నిలువదు. తొట్టి నడుమను, మొక్కల చాటునను తిరుగును. నీటి వక్రీభవనము వలన గాజునకు పన్నెండు సెంటీమీటర్ల వెనుకనున్న చేప తొమ్మిది సెంటీమీటర్ల వెనుకనున్నట్లు తోచును. ప్రకృతి మనకిచ్చిన రాయితీ అంతవరకే. పైగా విశాలముగా చూచెడి కటకము చేపతోపాటు హీటరును, గాలి గొట్టములను, వెనుక గోడను కూడ చిత్రములోనికి లాగును.

కాబట్టి మేము సూచించెడి కొలత వేరు. అది జానెడు దూరము, బెత్తెడు దృశ్యము. జానెడు, అనగా సుమారు ఇరువది సెంటీమీటర్ల దూరములో నున్న వస్తువుపై కెమెరా చూపు స్పష్టముగా నిలువవలెను. అట్లు నిలిచినపుడు చిత్రపు వెడల్పులో బెత్తెడు, అనగా ఏడెనిమిది సెంటీమీటర్లకు మించిన మేర పట్టకూడదు. మూడు సెంటీమీటర్ల నియాన్ చేప అట్టి చిత్రములో అయిదింట రెండు వంతులు ఆక్రమించును. ఆరు సెంటీమీటర్ల ఫైటర్ చేప తన తోక విప్పినచో చిత్రము నిండును. రెండు షరతులును కలిసియే తీరవలెను. బెత్తెడు దృశ్యము ఉండి జానెడు దూరము లేనిచో చేప అందదు. జానెడు దూరము ఉండి బెత్తెడు దృశ్యము లేనిచో చేప ఆవగింజయగును.

దీనిని పరీక్షించుట సులభము. కెమెరా చూడబోవునపుడు పిల్లల జామెట్రీ పెట్టెలోని స్కేలును వెంట తీసికొని పోవలెను. దానిని బల్లపై నిలబెట్టి, కెమెరా జూమును పూర్తిగా ముందుకు సాగించి, కొంచెము కొంచెముగా దగ్గరకు జరుపుచు పోవలెను. ఎచ్చట అంకెలు మసకబారునో అచ్చట ఆగి, కొంచెము వెనుకకు జరిపి, ఒక ఫొటో తీయవలెను. కెమెరా ముందుభాగమునుండి స్కేలు వరకు ఎంత దూరమున్నదో, తెరపై ఎన్ని సెంటీమీటర్లు పట్టినవో కొలువవలెను. అయిదు నిమిషముల పని. అమ్మువాని వర్ణన కంటె ఈ రెండంకెలు ఎక్కువ నిజము చెప్పును.

ఈ కొలతతో కొన్ని పేరుపొందిన నమూనాలను చూతము. 2023లో వెలువడిన ఓఎమ్ సిస్టమ్ టఫ్ టీజీ-7 అను కెమెరాలో మైక్రోస్కోప్ అను ఒక ప్రత్యేక పద్ధతి కలదు. ఆ పద్ధతిలో జూమ్ ముందుకు సాగించినను చూపు ఒక సెంటీమీటరు మొదలు ముప్పది సెంటీమీటర్ల వరకు నిలుచును. జానెడు దూరమున దాని చిత్రములో పట్టునది, లెక్క ప్రకారము, ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. మన కొలతకు ఇది సరిగా తూగును. నీటిలో పడినను చెడదు గనుక తడిచేతులతో పట్టుకొనవచ్చును. లోపము లేకపోలేదు. వెలుగును గ్రహించెడి దాని సెన్సార్ చిన్నది. వెడల్పు సుమారు ఆరు మిల్లీమీటర్లు మాత్రమే. మసక వెలుగులో చిత్రము ఇసుక చల్లినట్లు గరుకుగా కనబడును. కాబట్టి దానిని కొనువారు తొట్టిపై మంచి దీపము కూడ ఏర్పరచుకొనవలెను.

2019లో వెలువడిన కానన్ పవర్‌షాట్ జీ7 ఎక్స్ మార్క్ 3 అను కెమెరా సెన్సార్ వైశాల్యములో దానికి నాలుగింతలు. వెలుగు తక్కువైనను చిత్రము నున్నగా వచ్చును. కాని జూమ్ పూర్తిగా సాగించినపుడు నలువది సెంటీమీటర్లకు ఇవతల చూపు నిలువదు. దృశ్యము సుమారు పదమూడు సెంటీమీటర్లు పట్టును. అదే సంవత్సరము వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్ 100 మార్క్ 7 జూమ్ చాల పొడవైనది; అయినను ఆ కొసన ఒక మీటరు దూరము కావలెను. అదే కాలపు రికో జీఆర్ 3 సెన్సార్ వీటన్నిటికంటె పెద్దది. వీధి దృశ్యములకు దానిని మెచ్చువారు పెక్కురు. జూమ్ లేదు గనుక జానెడు దూరమున అది చూపునది జానెడు దృశ్యమే. పెద్ద సెన్సార్, పెద్ద ఖరీదు ఉన్నను మన తొట్టికి అది తగదు.

పొడవైన జూమ్ గల కెమెరా ఇదివరకే ఇంట ఉన్నవారు నిరాశపడనక్కరలేదు. నలువది దాటినవారికి పుస్తకము దూరముగా పట్టుకొన్ననే అక్షరములు కనబడుట మనకు తెలియును. దానిని చత్వారమందుము; కుంభాకార కటకపు కళ్లజోడుతో సరిచేసికొందుము. ఆ కెమెరాకు ఉన్నదియు ఒక విధమైన చత్వారమే. దాని ముందు అమర్చెడి క్లోజప్ లెన్సు అను కళ్లజోడు దొరకును. దాని లెక్కయు కళ్లజోడు లెక్కయే. ప్లస్ నాలుగు పవరు గల లెన్సును అమర్చి, కెమెరా చూపును దూరమునకు నిలిపినచో, మీటరులో నాలుగవ వంతు, అనగా ఇరువది అయిదు సెంటీమీటర్ల దూరమున నున్న వస్తువు స్పష్టమగును. పైని చెప్పిన సోనీ కెమెరాకు దీనిని తగిలించి జూమ్ సాగించినచో అంత దూరమునుండి అయిదు సెంటీమీటర్లకు లోపలి దృశ్యము పట్టును. చిన్న కెమెరాలకు లెన్సు బిగించు మర ఉండదు గనుక, అతికించెడి వలయము ఒకటి అదనముగా కావలెను. ఇంత చేసినను క్రొత్త కెమెరాకంటె ఖర్చు మిక్కిలి తక్కువ.

ఇక మెగాపిక్సెళ్ల మాట. అంకె పెద్దదైన కొలది చిత్రము గొప్పదని చాలమంది తలంతురు. పన్నెండు మెగాపిక్సెళ్ల చిత్రమునకు వెడల్పున నాలుగు వేల బిందువులు ఉండును. బెత్తెడు దృశ్యములో, అనగా ఎనిమిది సెంటీమీటర్లలో, అవి సర్దుకొన్నచో మిల్లీమీటరుకు ఏబది బిందువులు వచ్చును. తెల్లమచ్చను గుర్తించుటకు అది ధారాళముగా చాలును. ఆ పైని మెగాపిక్సెళ్లకు డబ్బు పోయుటకంటె షట్టరు వేగమును, కటకపు రంధ్రమును మన చేతితో మార్చుకొను వీలున్నదా అని చూచుట మేలు. ఈదెడి చేపకు సెకనులో నూట ఇరువది అయిదవ వంతు మొదలు రెండువందల ఏబదవ వంతు వరకు వేగము కావలెను. అంతయు కెమెరాయే నిర్ణయించెడి నమూనాలలో ఇది మన వశము కాదు.

ప్రతి ఇంటను సెల్‌ఫోను ఉండగా వేరొక కెమెరా ఏల అని అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. జపాను కెమెరా తయారీదారుల సంఘపు లెక్కలను చూచినచో, 2010లో పది కోట్లకు మించి పంపిణీ అయిన చిన్న కెమెరాలు 2023 నాటికి ఇరువది లక్షలకు లోపుగా పడిపోయినవి. ఆ స్థానమును ఫోను ఆక్రమించినది. ఫోనులోని దగ్గరి చిత్రముల పద్ధతి పెక్కింటిలో రెండు మూడు సెంటీమీటర్లనుండి పనిచేయు విశాలమైన కటకముతోనే నడచును; చేపకు అది అక్కరకురాదు. కొన్ని ఫోనులలో మాత్రము దూరమును దగ్గరగా చూపు కటకమే చేరువ వస్తువులను కూడ స్పష్టపరచును. మీ ఫోనుకును ఆ స్కేలు పరీక్షయే పెట్టవలెను. అది నెగ్గినచో ఒక్క రూపాయియు ఖర్చు చేయనక్కరలేదు. ఓడినచో అప్పుడు కెమెరా మాట తలపెట్టవచ్చును.

మంచి కెమెరా వచ్చినంత మాత్రమున పని ముగియదు. గాజును, వెలుగును కూడ దారికి తెచ్చుకొనవలెను. మన అపార్టుమెంట్లలో హాలునకు ఎదురుగా పెద్ద గాజు తలుపు ఉండును. పగలు ఆకాశమును, రాత్రి ఎదుటి భవనముల దీపములును ఆ తలుపుగుండ వచ్చి తొట్టి గాజుపై పడును. కాబట్టి చీకటి పడిన తరువాత తెర వేసి, గదిలోని దీపములన్నియు ఆర్పి, తొట్టిపైని దీపము మాత్రమే ఉంచవలెను. కటకపు ముందు రబ్బరు గొట్టము ఒకటి అమర్చి గాజునకు ఆనించినచో ప్రతిబింబములు పోవును. కెమెరాను గాజునకు నిటారుగా పట్టవలెను. ఏటవాలుగా పట్టినచో వక్రీభవనము వలన చేప అంచులు రంగులుగా చీలి మసకబారును. కెమెరాలోని ఫ్లాషును సూటిగా వేసినచో అది గాజుపై తగిలి తిరిగి వచ్చును. వెలుగు పైనుండి పడుట చేపకు సహజము, చిత్రమునకు శోభ. చౌక ఎల్ఇడి దీపములు కొన్ని కంటికి తెలియకుండ సెకనుకు నూరుమార్లు మినుకుమినుకుమనును; చిత్రముపై అడ్డచారలు కనబడినచో తప్పు కెమెరాది కాదు, దీపముది.

ఈ ప్రాంతము రాతినేల. బోరునీటిలో సున్నపు అంశము హెచ్చు. నీరు ఆరినచోట గాజుపై తెల్లని పొర కట్టును. ఎంతటి కెమెరాయైనను ఆ పొరగుండ చూడలేదు. వెలుపలి గాజును కొద్దిగా వెనిగరు తడిపిన గుడ్డతో తుడిచి, తరువాత మంచినీటితో తుడువవలెను. వెనిగరు తొట్టి నీటిలో పడకుండ చూచుకొనవలెను. ఫొటోకు ముందు గాలి బుడగల మోటారును పది నిమిషములు ఆపినచో నలుసులు అడుగునకు దిగును. పని కాగానే మరల నడిపించుట మరువరాదు.

చేపలకు రెప్పలు లేవు. చీకటిలో ఒక్కసారిగా వెలుగు పడినచో అవి కన్ను మూసికొనలేవు. బెదరి గాజునకు కొట్టుకొనును. నియాన్ చేప రాత్రివేళ తన నీలిరంగును తగ్గించుకొనును. దీపము వెలిగిన తరువాత కొంత సేపటికిగాని ఆ మెరుపు మరల రాదు. కాబట్టి దీపము వెలిగించి అరగంట ఆగవలెను. గాజుపై తట్టి చేపను పిలువరాదు; చిన్న తొట్టిలో బంధించి తరుమరాదు. అది తరచు వచ్చి నిలిచెడి చోటును నాలుగు దినములు గమనించి, కెమెరా చూపును అచ్చటనే నిలిపి, చేప వచ్చువరకు కాచియుండుట ఉత్తమము. కొంగ ఒంటికాలిపై నిలిచి చేసెడి తపస్సు మనకు ఇచ్చట పనికివచ్చును. మన ఉద్దేశము మాత్రము వేరు.

ఇప్పుడు క్రొత్త చిన్న కెమెరాలు అంగళ్లలో అరుదు గనుక పెక్కురు వాడినవాటినే కొనుచున్నారు. అందు దోషమేమియు లేదు. జూమ్ చప్పుడు లేకుండ ముందుకు వెనుకకు కదలునా అని చూడవలెను. కటకపు రంధ్రమును బాగుగా చిన్నది చేసి తెల్లని గోడను ఒక ఫొటో తీయవలెను. నల్లని చుక్కలు కనబడినచో సెన్సార్ పై దుమ్ము చేరినదని అర్థము. బ్యాటరీయు, మెమరీ కార్డును ఇంకను బజారులో దొరకునవియే కావలెను. స్కేలు పరీక్ష ఇచ్చటను తప్పదు.

శ్రోతలకు మేము మరల మనవి చేయునదేమన, కెమెరా కొనుట ఒక కుటుంబమునకు చిన్న ఖర్చు కాదు. ఆ డబ్బుతో పెద్ద తొట్టియో, మంచి ఫిల్టరో, మరి కొన్ని మొక్కలో కొన్నచో చేపలు ఇంకను సుఖపడును. కాబట్టి మొదట ఫోనును, పిదప ఇంటనున్న పాత కెమెరాను, ఆ తరువాత క్లోజప్ లెన్సును పరీక్షించి, అవి మూడును చాలనప్పుడే క్రొత్తదానికి పోవుట ఉచితము. రేపు సాయంకాలము పిల్లలను ప్రక్కను కూర్చుండబెట్టుకొని, తొట్టి ముందు స్కేలు నిలిపి, ఉన్న సాధనముతో జానెడు దూరమునుండి ఎంత పట్టునో కొలిచి చూడుడు. వక్రీభవనమును గూర్చి బడిలో చదివిన పాఠము వారికి ఆ పది నిమిషములలో కంటికి కనబడును.